నూరు శాతం అంటే ఎంతలో నూరు?

టాబ్లెట్ ఇప్పుడు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చేతికి వచ్చింది. పిల్లలు కొత్తది కొనుక్కున్నప్పుడు పాతది అమ్మానాన్నలకు ఇచ్చి వెళ్ళడం మామూలైపోయింది. తెర పెద్దది, అక్షరాలు పెద్దవి, ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా చూసుకోవచ్చు. దూరదేశంలో ఉన్న మనుమడి ముఖం కనిపించేది అందులోనే. పొరుగు రాష్ట్రంలో స్థిరపడ్డ మనకు వీధి మొగలో తెలుగు పత్రికలు అమ్మే కొట్టు ఉండదు కనుక, తెలుగు పాటకూ తెలుగు వార్తకూ కూడా ఆ పలకే దిక్కు. ఇంత ఆధారపడ్డ వస్తువు పైమూలన ఒక చిన్న బ్యాటరీ బొమ్మ, దాని పక్కన ఒక అంకె కనిపిస్తుంటాయి. ఆ అంకె ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో తెలియక బాగున్న టాబ్లెట్లను పారేసేవాళ్ళున్నారు. ప్రమాదంలో ఉన్నవాటిని దిండు పక్కన పెట్టుకుని పడుకునేవాళ్ళూ ఉన్నారు.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. నాలుగేళ్ళ కిందట కూతురు కొనిచ్చిన టాబ్లెట్ ఆయనకు నిత్యం తోడు. ఈ మధ్య బ్యాంకుకు వచ్చినప్పుడు దాన్ని నా బల్ల మీద పెట్టి, "మేనేజరుగారూ, ఇది అబద్ధాలాడుతోందండీ" అన్నారు. "పొద్దున్నే నూరు శాతం చూపిస్తుంది. కాసేపు కచేరీ విని, అమ్మాయితో మాట్లాడేసరికి నలభైకి దిగిపోతుంది. కొన్న కొత్తలో సాయంత్రం దాకా వచ్చేది. అప్పుడూ నూరే, ఇప్పుడూ నూరే. ఏమిటండీ ఈ మాయ?" రిపేరు కొట్టులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారట.

"మాస్టారూ, నూరు నిజమే. ఎంతలో నూరు అన్నదే అది చెప్పడం లేదు" అన్నాను.

కామర్సు చదివినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఇది తరుగుదల లెక్క. కొన్ననాడు బ్యాటరీ సామర్థ్యం 7,000 మిలియాంపియర్ అవర్లు అనుకుందాం. నాలుగేళ్ళు వాడాక అది 4,900కు తగ్గిందనుకుందాం. మన పద్దుల పుస్తకాల్లో అయితే అసలు ఖరీదు ఒక గడిలో, తరుగుదల ఇంకో గడిలో, మిగిలింది మూడో గడిలో రాస్తాం. టాబ్లెట్ తెర మాత్రం మొదటి రెండు గడులనూ దాచేసి, మిగిలిన 4,900నే నూరు అంటుంది. సగం అంటే 2,450. కొత్తలో సగం అంటే 3,500 ఉండేది. మాస్టారికి వచ్చిన కష్టమంతా ఇక్కడే ఉంది.

మరి ఆ అంకె ఎలా వస్తుంది? చాలామంది బిందెలో నీళ్ళు చూసినట్టు బ్యాటరీ లోపలికి చూసి చెబుతుందని అనుకుంటారు. అలా చూసే వీలు లేదు. వోల్టేజిని కొలవవచ్చు గాని, లిథియం అయాన్ బ్యాటరీలో వోల్టేజి నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 నుంచి 4.4 వరకు ఉండి, నడిమి భాగమంతా 3.7, 3.8 దగ్గర దాదాపు కదలకుండా నిలబడుతుంది. అందువల్ల అరవై ఉందో నలభై ఉందో వోల్టేజి ఒక్కదాన్ని చూసి చెప్పడం కష్టం. అందుకని లోపల ఒక చిన్న చిప్పు గుమాస్తాలాగా కూర్చుని, ఎంత కరెంటు జమ అయింది, ఎంత ఖర్చయింది అని క్షణక్షణం పద్దు రాస్తుంది. తెర మీద కనిపించేది ఆ పద్దు నిల్వ. గల్లాపెట్టె తెరిచి లెక్కపెట్టిన నగదు కాదు.

పద్దుకూ నగదుకూ తేడా వస్తుందని బ్యాంకులో పనిచేసినవాడికి చెప్పనక్కరలేదు. అందుకే మేం ఎప్పటికప్పుడు సరిచూసుకుంటాం. టాబ్లెట్‌కు అలా సరిచూసుకునే అవకాశం ముఖ్యంగా రెండు చోట్లే దొరుకుతుంది, పూర్తిగా నిండినప్పుడు, బాగా దిగినప్పుడు. ఎప్పుడూ నలభైకీ డెబ్భైకీ మధ్యనే తిప్పుతూ ఉంటే పద్దులో చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. అంకె ఒక్కసారిగా 30 నుంచి 18కి దూకుతుంటే, ఒకసారి పది శాతం దాకా వాడి, మధ్యలో తీయకుండా నూరు దాకా ఎక్కించి చూడండి. కొన్ని నెలలకు ఒక్కసారి చాలు. దీనివల్ల అంకె సరిపడుతుంది గాని, పోయిన సామర్థ్యం తిరిగి రాదు. అలా చేసినా పదిహేను శాతం దగ్గరే టాబ్లెట్ టక్కున ఆగిపోతోందంటే బ్యాటరీ ముసలిదైందన్నమాట. లోపలి నిరోధం పెరిగి, వీడియో కాల్ వంటి బరువైన పని పడగానే వోల్టేజి కుంగిపోతుంది.

ఇక్కడ బ్యాంకు మనిషిగా ఒక మాట చెప్పనివ్వండి. డబ్బు పంపుతూ ఉండగా టాబ్లెట్ ఆగిపోతే కంగారుపడి వెంటనే మళ్ళీ పంపకండి. మీ తెర ఆరిపోయినా బ్యాంకు కంప్యూటరులో ఆ చెల్లింపు జరిగిపోయి ఉండవచ్చు. ఖాతా నిల్వ చూసుకున్నాకే రెండో ప్రయత్నం.

మాస్టారు తయారీ కంపెనీ సర్వీసు సెంటరులో బ్యాటరీ ఒక్కటి మార్పించుకున్నారు. కొత్త టాబ్లెట్ ధరలో చిన్న భాగంతో పనైపోయింది. ఐప్యాడ్ బ్యాటరీ 1,000 పూర్తి ఆవృత్తుల తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారు చేశామని యాపిల్ చెబుతుంది. ఆవృత్తి అంటే ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒకటి అని కాదు. ఇవాళ యాభై శాతం, రేపు యాభై శాతం వాడితే రెండూ కలిసి ఒక ఆవృత్తి. కనుక రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెం ఛార్జి పెట్టుకుంటే నష్టమేమీ లేదు. "పూర్తిగా దిగితే గాని పెట్టకూడదు" అన్న మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన తరువాత ఆ నియమానికి కాలం చెల్లింది గాని, మన ఇళ్ళల్లో మాత్రం ఇంకా చలామణీలోనే ఉంది.

ఇక పొదుపు సెట్టింగుల సంగతి. ఆండ్రాయిడ్‌లో దీన్ని బ్యాటరీ సేవర్ అంటారు, శామ్‌సంగ్‌లో పవర్ సేవింగ్ అని ఉంటుంది, ఐప్యాడ్‌లో 2021 నుంచి లో పవర్ మోడ్ వచ్చింది. ఐప్యాడ్‌లో ఇది పనిచేస్తున్నప్పుడు బ్యాటరీ బొమ్మ పసుపు రంగులోకి మారుతుంది. పసుపు చూసి చెడిపోయిందని బెదిరిపోనక్కరలేదు. మెరుపు గుర్తు కనిపిస్తే ఛార్జి ఎక్కుతోందని అర్థం. కొన్ని టాబ్లెట్లలో ఛార్జి 80 దగ్గర ఆగిపోయి ముందుకు కదలదు. అది ఛార్జరు లోపం కాకపోవచ్చు. బ్యాటరీ ఆయుష్షు కోసం ఎవరో ఆ హద్దు పెట్టి ఉండవచ్చు. సాధారణంగా మనుమలే పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోతారు.

పొదుపు అన్నాక ఏదో ఒక ఖర్చు తగ్గాలి గదా! ఏ ఖర్చు తగ్గిందో తెలుసుకోకపోవడంలోనే చిక్కంతా ఉంది. పొదుపు మొదలవగానే టాబ్లెట్ తెర వెనుక జరిగే పనులను ఆపేస్తుంది లేదా వాయిదా వేస్తుంది. మెయిళ్ళు తెచ్చుకోదు, ఫొటోలు దాచిపెట్టదు, కొన్ని సందేశాలు మనం తెరిచి చూసేదాకా రావు. మాకు తెలిసిన ఒక పెద్దావిడ "అబ్బాయి రెండు వారాలుగా ఫోనే చేయడం లేదు" అని కుమిలిపోయారు. కొడుకు ఆదివారం ఆదివారం చేస్తూనే ఉన్నాడు. ఎవరో పుణ్యాత్ములు బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని సకల యాప్‌లనూ నిద్రపుచ్చి వెళ్ళారు, ఆ కాల్ యాప్ సహా. మోగవలసినది మోగలేదు. టాబ్లెట్‌లో ఒక సర్దుబాటు అలా ఉండిపోవడం వల్ల తల్లీ కొడుకుల మధ్య రెండు వారాల మనస్తాపం!

కాబట్టి ఇంట్లో పెద్దలకు టాబ్లెట్ ఇచ్చేవారు ముందుగా చేయవలసిన పని ఇది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగం తెరవండి. వీడియో కాల్ యాప్‌కూ, మందుల వేళ గుర్తుచేసే యాప్‌కూ ఆంక్షలు లేకుండా అనుమతి ఇవ్వండి. శామ్‌సంగ్‌లో అయితే ఎప్పుడూ నిద్రపుచ్చకూడని యాప్‌ల జాబితా అని విడిగా ఉంటుంది, అందులో చేర్చండి. మిగిలిన ఆటలను, అంగళ్ళ యాప్‌లను ఎంతగా నిద్రపుచ్చినా ఫరవాలేదు.

అసలైన పొదుపు తెర దగ్గరే ఉంది. టాబ్లెట్‌లో ఎక్కువ కరెంటు తినేది సాధారణంగా ఆ వెలుతురే. ఇంట్లో ఉన్నప్పుడు వెలుతురును సగానికి తగ్గించి, ఎవరూ ముట్టుకోకపోతే ఒకటి రెండు నిమిషాల్లో తెర ఆరిపోయేలా పెడితే చాలు, దేన్నీ నిద్రపుచ్చనక్కరలేదు. నల్లటి తెర పెడితే బ్యాటరీ మిగులుతుందని అందరూ చెబుతారు. అది ఓలెడ్ తెరలకు నిజం. తక్కువ ధర టాబ్లెట్లలో సాధారణంగా ఉండేవి ఎల్‌సీడీ తెరలు. వాటిలో వెనుక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కనుక నలుపు వల్ల కళ్ళకు హాయి దక్కవచ్చేమో గాని, బ్యాటరీకి ఒరిగేది స్వల్పం.

కరెంటు బిల్లు భయంతో మధ్యలో ప్లగ్గు పీకేసే పెద్దలూ ఉన్నారు. లెక్క చూడండి. 7,000 మిలియాంపియర్ అవర్లను 3.85 వోల్టులతో గుణిస్తే సుమారు 27 వాట్ అవర్లు. ఛార్జరులో వృథా అయ్యేదానితో కలిపి 35 అనుకున్నా, ఒక యూనిట్‌కు 28 సార్లు నింపవచ్చు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఒకసారికి పావలా. రోజూ నింపినా ఏడాదికి తొంభై రూపాయలు. పొదుపు చేయవలసింది బ్యాటరీ ఆయుష్షునే, బిల్లును కాదు.

ఆ ఆయుష్షుకు పెద్ద శత్రువు వేడి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని కంపెనీ చెబుతుంది. చంద్రపూర్‌లో వేసవి ఎండ 45 దాటుతుంది, బళ్ళారిలో 40 మామూలు. అటువంటి ఊళ్ళలో మధ్యాహ్నం పూట, మందపాటి తొడుగుతో, పరుపు మీద పెట్టి ఛార్జి చేయడం మంచిది కాదు. తెల్లవారుజామున తొడుగు తీసి, గట్టి బల్ల మీద పెట్టండి. కొన్ని నెలలు ఊరెళుతుంటే సగం ఛార్జితో ఆపేసి వెళ్ళండి. టాబ్లెట్ వీపు ఉబ్బినా, తెర అంచు పైకి లేచినా ఏ అంకె చూపిస్తోందో చూడకండి. వెంటనే ఛార్జి పెట్టడం మాని, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీసు సెంటరుకు చేర్చండి. దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదనే పెట్టాయి.

పొదుపు సెట్టింగులను నిజంగా పూర్తిస్థాయిలో వాడవలసిన రోజులు మన తీరప్రాంతాల వారికి తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. అటువంటి సమయంలో తుపాను వార్త వినగానే 80 హద్దు తీసేసి నూరు దాకా నింపండి. వెలుతురు కనిష్ఠానికి దించి, ఎక్కువసేపు టాబ్లెట్‌ను పూర్తిగా ఆపేసి ఉంచి, పూటకు ఒకసారి తెరిచి క్షేమసమాచారం పంపండి. ఫలానా వేళకే తెరుస్తామని పిల్లలకు ముందే చెబితే వాళ్ళూ కంగారుపడరు.

పవర్ బ్యాంకు ఉందిగదా అని ధీమాగా ఉండేవారు దాని మీద రాసిన అంకెనూ ఇదే ప్రశ్న అడగాలి. 10,000 అని పెద్ద అక్షరాలతో రాసింది లోపలి 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకు మారి, వృథా పోగా బయటకు వచ్చేది సుమారు 6,000 నుంచి 6,500. ఆ సంఖ్య కింద చిన్న అక్షరాలతో విడిగా ముద్రించి ఉంటుంది. దాన్ని తిరిగి లోపలి బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు టాబ్లెట్ దగ్గరా కొంత లెక్క మారి, కొంత వృథా పోతుంది. 7,000 టాబ్లెట్‌ను అది ఒకసారి నింపితే ఎక్కువ.