జామీను సంతకానికీ ఒక చిట్టా ఉంది

సూళ్లూరుపేటలో జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే, బంధువో చిన్ననాటి స్నేహితుడో పక్కకు పిలుస్తాడు. "భాయ్, బ్యాంకులో లోను మంజూరైంది. ఒక్క జామీను సంతకం కావాలి" అంటాడు. కాదనడానికి నోరు రాదు. శ్రీహరికోట షార్‌లోనో, తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనో ఉద్యోగం ఉన్నవారికి ఈ అనుభవం కొత్త కాదు. జీతం కాగితం చేతిలో ఉన్నవాడి సంతకానికి విలువ ఎక్కువ. అడిగేవారూ ఎక్కువే.

ఆ సంతకం బ్యాంకు ఫైలులోనే ఉండిపోతుందని మనం అనుకుంటాం. అలా ఉండిపోదు. ఎవరి అప్పుకు జామీను నిలిచామో ఆ అప్పు మన పేరు మీద నడిచే రుణ చరిత్రలో కూడా నమోదవుతుంది. అతను వాయిదాలు ఎగ్గొడితే ఆ మచ్చ మనకూ అంటుతుంది. అసలు రుణగ్రస్తునికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. మూడేళ్ల తర్వాత కూతురి చదువుకు లోను అడగబోతే "మీ సిబిల్ స్కోరు తక్కువగా ఉంది" అన్న జవాబు వినవలసి రావచ్చు. "నేను ఎవరికీ ఒక్క పైసా బాకీ లేనే!" అని ఆశ్చర్యపోవడం అప్పుడు మన వంతు.

ఈ సిబిల్ అనేది ఏమిటి? 2000లో ముంబయిలో ఏర్పడిన ఒక సంస్థ పేరు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇచ్చిన ప్రతి అప్పు వివరం అక్కడికి చేరుతుంది. 2005లో ఇందుకోసం కేంద్రం ప్రత్యేక చట్టం చేసింది. ఇప్పుడు దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వాయిదాలు ఎంత నిక్కచ్చిగా కడుతున్నాం, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత వాడేస్తున్నాం, కొత్త అప్పుల కోసం ఎన్ని తలుపులు తట్టాం అనేవన్నీ లెక్కగట్టి 300 నుంచి 900 మధ్య ఒక అంకె ఇస్తారు. అదే స్కోరు. దుకాణంలో వాయిదాల మీద తీసుకున్న సెల్‌ఫోను కూడా చాలాసార్లు ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన అప్పే. వడ్డీ లేదన్నంత మాత్రాన అది చిట్టాకెక్కకుండా పోదు.

అప్పును రాతలో పెట్టడం మనకు కొత్త విషయం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు పత్రం గురించే. గడువు పెట్టి తీసుకునే అప్పును రాసుకోవాలి, సాక్షులుండాలి, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలి అని అందులో ఆదేశం ఉంది. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. నేటి చిట్టాను రాయించేది అప్పిచ్చినవాడు ఒక్కడే. అప్పు తీసుకున్నవాడు దాన్ని చదివి చూసిందీ లేదు.

చదవకపోతే వచ్చే నష్టం మన ఇళ్లలో మరీ ఎక్కువ. మన పేర్లు చూడండి. షేక్ మస్తాన్, షేక్ ఖాదర్ బాషా, సయ్యద్ చాంద్ బాషా... ఈ ప్రాంతంలో ఒక్కో పేటలో నలుగురైదుగురు ఉంటారు. పైగా 'షేక్' అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో ఒకచోట పూర్తిగా, మరోచోట ఎస్.కె. అని, ఇంకోచోట మరో తీరులో రాస్తారు. ఓటరు కార్డులో ఒకటి, పాన్ కార్డులో ఒకటి. పుట్టిన తేదీ బడిలో వేసింది వేరు, ఇంట్లో చెప్పుకునేది వేరు. ఇలాంటప్పుడు ఒక మస్తాన్ బాకీ మరో మస్తాన్ ఖాతాలో పడడానికి ఎంతసేపు? అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా రాయించుకోవడం స్కోరుకు మొదటి మందు. (2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. రిపోర్టులో పాత జిల్లా పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.)

ఆడవారి సంగతి మరచిపోకూడదు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చింది. ఒకే మహిళకు ఒక సంస్థకు తెలియకుండా మరో సంస్థ అప్పు ఇచ్చుకుంటూ పోయింది. వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. సుమారు 7 వేల కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయని అప్పట్లో లెక్క. ఆ తర్వాతే, 2011లో, సూక్ష్మరుణ సంస్థలు కూడా ఈ చిట్టా కంపెనీల్లో చేరాలని రిజర్వు బ్యాంకు నిర్బంధం చేసింది. కనుక గ్రూపు లోను తీసుకున్న ఆపా పేరు మీదా, బేగం పేరు మీదా ఇవాళ విడి చిట్టా ఉంటుంది. ఇంట్లో మగవారు తమ రిపోర్టు చూసుకుని ఊరుకుంటే సగం ఇల్లే చూసినట్లు.

రిపోర్టులో అంకెకన్నా కింది వరుసలు ముఖ్యం. ప్రతి అప్పు కింద నెలల వారీ గళ్లు ఉంటాయి. 000 అంటే గడువులో కట్టినట్లు. 030 అంటే ముప్ఫై రోజుల ఆలస్యం. అప్పు తీరిపోతే 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే బ్యాంకు కొంత వదులుకుని సరిపెట్టుకుందన్న మాట. వసూలు ఏజెంటు "సగం కట్టండి, సరిపోతుంది" అన్నప్పుడు సంతోషించేవారికి ఈ తేడా తెలియదు. తర్వాత లోను అడిగినప్పుడు తెలుస్తుంది.

ఒకసారి మచ్చ పడితే ఇక అంతేనా అంటే, కాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ 3 బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి సరిచేసి, 1980 జూలై 18న అదే రాకెట్‌తో రోహిణిని కక్ష్యలో పెట్టారు. మొదటి ప్రయోగం రికార్డుల్లో నేటికీ వైఫల్యంగానే ఉంది. దాని కింద రెండోది కూడా ఉంది. రుణ చిట్టాలోనూ పాత ఆలస్యాలు ఏళ్ల తరబడి కనిపిస్తాయి. వాటి మీద సక్రమమైన నెలలు పేరుకునే కొద్దీ స్కోరు లేస్తుంది. "డబ్బిస్తే మచ్చ తుడిచేస్తాం" అనే ఏజెంట్లను మాత్రం నమ్మకండి. నిజమైన బాకీని ఎవరూ చెరపలేరు.

వడ్డీకి భయపడి అసలు అప్పు జోలికే పోని కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికి చెడ్డ స్కోరు ఉండదు. అసలు స్కోరే ఉండదు. బైతుల్‌మాల్‌లో తీసుకుని తీర్చిన ఖర్జె హసనా ఈ చిట్టాలోకి రాదు. ఏది సమ్మతం, ఏది కాదన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. అయితే చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారిని తిప్పి పంపవద్దని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. ఈ మాట గుర్తుపెట్టుకుని కౌంటరు దగ్గర మర్యాదగా అడగవచ్చు.

చూసుకోవడం ఎలా? 2017 నుంచి నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కొక్క పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్లే. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. డబ్బు కట్టే పథకాలను వాళ్ల వెబ్‌సైటు ముందుకు తోస్తుంది, వాటిని దాటి ఉచితమన్నదే వెతుక్కోవాలి. తప్పు కనిపిస్తే ఆ సంస్థకూ, అప్పిచ్చిన బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వివరాలకు 14448 నెంబరుకు ఫోను చేయవచ్చు.

పాన్ కార్డు, ఫోను దగ్గర పెట్టుకుంటే పది నిమిషాల పని. తెర మీద అంతా ఇంగ్లీషే ఉంటుంది. ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. జామీను ఉన్న వరుసను ముందు చదవమనండి.