చేపల మేతలో నానో సెలీనియము: లోహవిషమునకు విరుగుడగునా?

చెఱువులలో చేపలను పెంచు మన సంఘ సభ్యులు కొందఱు ఈ నడుమ మమ్మొక విషయ మడుగుచున్నారు. నానో అను పేరుగల పొడిని మేతలో కలిపినచో నీటియందలి సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ అను పాషాణము మొదలగువాని బాధ చేపలకు తప్పునని విన్నారట. అందు నిజము కొంత గలదు. ఆ కొంత యెంతయో తెలియక రొక్కము వెచ్చింపరాదు.

లోహములు ఆకులవలె కుళ్ళి పోవునవి కావు. కర్మాగారముల మురుగుతోడను, బొగ్గు బూడిదతోడను కాలువవెంట వచ్చి చెఱువడుగు బురదలో నిలిచిపోవును. అచ్చటనుండి మొప్పల ద్వారమునను, మేతతోడను చేపలోనికి బోయి కాలేయమునందును మూత్రపిండములందును పేరుకొని, శరీరకణములను ఇనుమునకు తుప్పు పట్టినట్లు చెఱచును. ఈ చెఱుపు నడ్డగించు ఎంజైములలో ఒకదానికి సెలీనియము లేనిదే పని జరుగదు. మేతలో సెలీనియము వేయుట యిందులకే.

తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటరు లుండగా, ఈ రేణువులు 100 నానోమీటరులకు లోపు. అంత సూక్ష్మమగుటచే ప్రేగులలో సులభముగా ఇంకును; సెలీనియపు లవణములకంటె విషగుణమును తక్కువ. మహారాష్ట్రమున బారామతియందు 2009లో నెలకొల్పబడిన జాతీయ అజైవిక ఒత్తిడి నిర్వహణ సంస్థవారు, మనవారు ఫంగసు అని పిలుచు పంగాసియస్ చేపలపై దీనిని పరీక్షించిరి. సీసము, ఆర్సెనిక్ కలిపిన నీటిలో నున్నను ఈ మేత తిన్న చేపలు మేలుగా ఎదిగినవి. శరీరమున లోహము చేరుటయు తగ్గినది. అయితే అవి తొట్లలోని పరీక్షలు, కొలిచి వేసిన మేత.

ఇక్కడనే చిక్కు గలదు. మితము దప్పిన సెలీనియమే విషము. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రపు బెల్యూస్ సరస్సునకు 1974 మొదలు బొగ్గు విద్యుత్కేంద్రపు బూడిదనీరు చేరగా, అందలి సెలీనియముచే 20 జాతుల చేపలలో 19 నశించినవి. మేతలో దీని మోతాదు మిల్లిగ్రాముల లెక్క. కిలోకు ఒక మిల్లిగ్రామనగా టన్ను మేతకు ఒక్క గ్రాము! తవుడును చెక్కను పారతో కలిపి చిల్లుల గోతాలలో కట్టు మన పద్ధతిలో ఆ గ్రాము సమముగా ఎట్లు వ్యాపించును? ఒక గోతాములో శూన్యము, మఱియొక గోతాములో విషము.

మఱియు పొడి చేపకే గాని చెఱువునకు మందు కాదు. చేప బ్రదికినంత మాత్రమున తినువారికి క్షేమ మనరాదు. కోడెక్స్ ప్రమాణము ననుసరించి కిలో చేపలో 0.3 మిల్లిగ్రాములకు మించి సీస ముండరాదు. దానిని తెలుపునది ప్రయోగశాలయే గాని చేప చుఱుకుదనము గాదు.

కావున ముందు నీటిని, బురదను పరీక్ష చేయింపుడు. నీరు పులుపెక్కిన చెఱువులో సీసము, కాడ్మియము ఎక్కువగా కరగును; కొలత ప్రకారము సున్నము వేసినచో ఆ కరగుట తగ్గును. ఖర్చును స్వల్పము. బురద నమూనాను నీరు వచ్చు తూముకడ నొకటి, చెఱువు నడుమ నొకటి, లోహపు పాత్రలో గాక శుభ్రమైన ప్లాస్టిక్కు సీసాలలో పట్టి, ఏది యెచ్చటిదో చీటి యంటించి పంపవలెను.