చిన్న కమతాల ఆసియాలో వరి సాగు: నేటి స్థితి, రేపటి దిశ

ప్రపంచంలో పండే వరిలో సుమారు 90 శాతం ఆసియా ఖండంలోనే పండుతోంది. దాదాపు అంతే భాగం ఇక్కడే ఆహారంగా వినియోగమవుతోంది. ఈ పంటను పండించేవారిలో అత్యధికులు రెండు హెక్టార్లలోపు భూమి గలవారు. కనుక ఆసియా గ్రామసీమల భవితవ్యాన్ని గురించి ఆలోచించడమంటే ముఖ్యంగా చిన్న కమతపు వరి రైతును గురించి ఆలోచించడమే. గడచిన ఆరు దశాబ్దాలలో ఈ రైతు ఖండాన్ని కరవు భయం నుంచి గట్టెక్కించాడు. ఆ విజయానికి ప్రధాన కొలమానం ఒక్కటే: ఎకరాకు ఎన్ని బస్తాలు? నీరు తరిగి, కూలీలు కరవై, రుతువులు గతి తప్పుతున్న నేటి పరిస్థితిలో ఆ ఒక్క కొలమానం చాలదు. ప్రతి నీటి తడికి, ప్రతి కిలో నత్రజనికి, ప్రతి పనిదినానికి ఎంత పండింది, దానిలో రైతు ఇంటికి చేరినదెంత అన్నవి ఇకపై అసలు ప్రశ్నలు. వీటికి ఆసియాలోని వివిధ దేశాల అనుభవాలు కొన్ని సమాధానాలను ఇప్పటికే అందించాయి.

ఎకరా దిగుబడి యుగం

ఇర్రిగా పేరొందిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1960లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఏర్పడింది. ఇండోనేషియాకు చెందిన పొడవాటి ‘పేటా’ రకాన్ని తైవాన్‌కు చెందిన పొట్టి రకం ‘డీ–జియో–వూ–జెన్’తో సంకరపరచి అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించిన ఐఆర్–8 వంగడం 1966లో విడుదలైంది. పాత రకాలకు నత్రజని ఎక్కువగా వేస్తే పైరు ఏపుగా ఎదిగి గింజ పాలుపోసుకునే దశలోనే పడిపోయేది. ఐఆర్–8 కాండం పొట్టిది, గట్టిది. అందువల్ల వేసిన ఎరువు గడ్డిగా కాక గింజగా మారింది. సుమారు 130 రోజులలో కోతకు రావడంతో రెండో పంటకు కూడా వీలు కలిగింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో ఈ రకాన్ని సాగుచేసి తోటి రైతులలో వ్యాప్తికి తెచ్చిన తొలితరం అభ్యుదయ రైతులలో ఒకరు.

విత్తనంతో పాటు భూమిపై హక్కు కూడా ఈ మార్పుకు తోడ్పడింది. చైనాలో 1978 తరువాత సమష్టి క్షేత్రాల స్థానంలో కుటుంబాలకు సాగు బాధ్యత అప్పగించారు. వియత్నాంలో 1988లో అటువంటి సంస్కరణే జరిగింది. అంతవరకు బియ్యం దిగుమతి చేసుకున్న ఆ దేశం 1989 నుంచి ప్రధాన ఎగుమతిదారుగా మారింది. విత్తనం, ఎరువు, నీరు అవే అయినా శ్రమఫలం తనకే దక్కుతుందన్న నమ్మకం కలిగినప్పుడు రైతు ఎంత సాధించగలడో ఈ రెండు దేశాల అనుభవం నిరూపించింది.

నేటి స్థితి: నాలుగు ఒత్తిళ్లు

మొదటిది కమతాల క్షీణత. భారతదేశంలో సగటు కమతం 1970–71లో 2.28 హెక్టార్లు. 2015–16 వ్యవసాయ గణన నాటికి అది 1.08 హెక్టార్లకు తగ్గింది. మొత్తం కమతాలలో 86 శాతానికి పైగా సన్న, చిన్నకారు రైతులవే. ఇంత చిన్న విస్తీర్ణంలో మంచి దిగుబడి వచ్చినా కుటుంబం గడవడానికి సరిపడే ఆదాయం రావడం కష్టం.

రెండవది నీటి కొరత. పొలంలో పారించిన నీరు, కురిసిన వాన కలిపి లెక్కిస్తే కిలో వడ్లు పండడానికి సగటున సుమారు 2,500 లీటర్ల నీరు అవసరమవుతోంది. పంజాబ్‌లో గొట్టపు బావులపై ఆధారపడి విస్తరించిన వరి సాగు భూగర్భ జలాలను ఏటేటా లోతుకు నెట్టింది. మండు వేసవిలో నాట్లు వేస్తే నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కనుక జూన్ 10కి ముందు నాట్లు వేయరాదంటూ ఆ రాష్ట్రం 2009లో చట్టమే చేయవలసి వచ్చింది.

మూడవది శ్రామిక శక్తి. జపాన్‌లో వ్యవసాయమే ప్రధాన వృత్తిగా గలవారి సగటు వయసు 2020 గణనలో 67.8 సంవత్సరాలు. ఆసియాలోని ఇతర దేశాలు కూడా వేర్వేరు వేగాలతో అదే దారిలో ఉన్నాయి. యువకులు పట్టణాలకో, విదేశాలకో తరలగా సాగు భారం స్త్రీలపైన, వృద్ధులపైన పడుతోంది. అయినా పట్టా తమ పేరిట లేని స్త్రీలకు పరపతి, శిక్షణ, రాయితీలు అందడం అరుదు.

నాలుగవది వాతావరణ మార్పు. ఇర్రి పరిశోధన క్షేత్రపు గణాంకాలను విశ్లేషించి 2004లో వెలువరించిన ఫలితాల ప్రకారం, వేసవి పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 2015–16లోను, 2019–20లోను నదీ ప్రవాహం తగ్గి సముద్రపు ఉప్పునీరు చాలా లోపలికి చొచ్చుకువచ్చి వరిని దెబ్బతీసింది.

ఈ ఒత్తిళ్ల ఫలితం దిగుబడి లెక్కలలో వెంటనే కనిపించకపోవచ్చు. కాలువ నీరు, సారవంతమైన ఒండ్రు నేల, మంచి వంగడాలు అన్నీ ఉన్న కోనసీమలో 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించారు. పెరిగిన సాగు ఖర్చుకు, వచ్చే ధరకు పొంతన లేకపోవడం, కూలీల కొరత, మురుగు కాలువల దుస్థితి అందుకు కారణాలు. పండించగలిగిన నేలలోనే రైతు పండించడానికి ఇష్టపడని స్థితి ఏర్పడడం కంటే తీవ్రమైన హెచ్చరిక ఉండదు.

పురుగును గుర్తించిన రైతు: ఇండోనేషియా

ఇండోనేషియా 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. మరుసటి ఏడాది నుంచే సుడిదోమ విజృంభించి ఆ విజయాన్ని ప్రమాదంలో పడవేసింది. భారీ రాయితీతో అందిన పురుగుమందులను విచ్చలవిడిగా చల్లడమే అందుకు ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. సుడిదోమ తన గుడ్లను ఆకుతొడిమల కణజాలంలో పెడుతుంది కనుక మందు వాటిని చేరలేదు. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మాత్రం మందుకు చనిపోయాయి. గుడ్లు పొదిగేసరికి శత్రువులు లేని పొలం పిల్లదోమలకు దక్కింది.

1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. 1989 నాటికి రాయితీని పూర్తిగా ఎత్తివేసింది. నిషేధంతో సరిపెట్టకుండా రైతు క్షేత్ర పాఠశాలలను ప్రారంభించింది. పంటకాలం పొడవునా వారానికొకసారి రైతులు బృందంగా పొలంలో దిగి, దుబ్బుకు ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు ఉన్నాయో లెక్కించి, బొమ్మ గీసి, చర్చించి, మందు అవసరమో కాదో తామే నిర్ణయించుకునేవారు. తెలుగునాట ‘పొలంబడి’ పేరుతో రైతులకు పరిచయమైన కార్యక్రమానికి మూలం ఇదే. రైతుకు మందు పేరు చెప్పడం కన్న పొలాన్ని చదవడం నేర్పడం శాశ్వత ఫలితమిస్తుందన్నది దీని సారాంశం.

ఎరువు తగ్గినా పెరిగిన పంట: చైనా

వరి పొలంలో వేసిన నత్రజనిలో సాధారణంగా 30–40 శాతమే పైరుకు అందుతుంది. మిగిలినది గాలిలోను, నీటిలోను కలిసిపోతుంది. ఎరువును అత్యధికంగా వాడిన చైనాలో 2005–2015 మధ్య 452 కౌంటీలలో విస్తృత కార్యక్రమం నడిచింది. 13 వేలకు పైగా క్షేత్ర ప్రయోగాల ఆధారంగా ప్రతి ప్రాంతపు నేలకు, వాతావరణానికి తగిన సిఫారసులను రూపొందించారు. వెయ్యికి పైగా శాస్త్రవేత్తలు, పదుల వేల మంది విస్తరణ సిబ్బంది, ఎరువుల వ్యాపారులు కలిసి వాటిని సుమారు 2.1 కోట్ల మంది చిన్న రైతులకు చేర్చారు. వరి, గోధుమ, మొక్కజొన్న పంటలలో దిగుబడి సగటున 11 శాతం వరకు పెరగగా నత్రజని వాడకం 15–18 శాతం తగ్గింది.

ఇక్కడ కొత్తగా కనిపెట్టిన మందు గాని, యంత్రం గాని లేదు. తగిన సాంద్రతలో మొక్కలు, సకాలంలో విత్తడం, పైరు అవసరాన్ని బట్టి దఫదఫాలుగా ఎరువు వేయడం వంటి తెలిసిన విషయాలనే స్థానిక పరిస్థితికి సరిపరచి ఓపికగా అందించడమే విజయ రహస్యం. మొత్తం యూరియాను ఒకేసారి చల్లకుండా పిలకలు వేసే దశలోను, అంకురం ఏర్పడే దశలోను పైపాటుగా వేయమన్న మన సిఫారసుకు కూడా ఆధారం ఇదే సూత్రం.

నీటిని కొలిచే గొట్టం

వరి నీటి మొక్క కాదు, నీటిని తట్టుకునే మొక్క. ఈ సత్యంపై ఆధారపడినదే ఆరుతడి పద్ధతి. 30 సెంటీమీటర్ల పొడవైన గొట్టానికి కింది భాగంలో చుట్టూ రంధ్రాలు చేసి పొలంలో పాతుతారు. గొట్టంలోని నీటిమట్టం నేల ఉపరితలం కంటే 15 సెంటీమీటర్లు దిగిన తరువాతే తిరిగి తడి ఇస్తారు. పూత దశలో మాత్రం పలుచగా నీరు నిలుపుతారు. ఈ విధంగా దిగుబడి తగ్గకుండానే 30 శాతం వరకు నీటిని ఆదా చేయవచ్చు. మడి ఆరిన ప్రతిసారీ నేలలోకి గాలి చేరుతుంది కనుక మీథేన్ విడుదల కూడా గణనీయంగా, కొన్నిచోట్ల సగం వరకు, తగ్గుతుంది.

ఇంత సులభమైన పద్ధతి అంతటా ఎందుకు వ్యాపించలేదన్నది ఆలోచించవలసిన విషయం. బంగ్లాదేశ్‌లో పలుచోట్ల రైతు పంపు యజమానికి పంటకాలానికంతటికీ కలిపి నిర్ణీత మొత్తమో, పంటలో వాటానో చెల్లిస్తాడు. నీరు తక్కువ వాడితే మిగిలే డీజిలు ఖర్చు పంపు యజమానికే లాభిస్తుంది. గొట్టం పాతి, నీటిమట్టం చూసి, కలుపు తీసిన రైతుకు మిగిలేది శ్రమే. విద్యుత్తు ఉచితంగా లభించే చోట, కాలువ నీరు ఎకరాల లెక్కన అందే చోట పరిస్థితి దాదాపు అంతే. ఆదా చేసినవారికే ఆదా ఫలం దక్కే ఏర్పాటు లేనిదే ఏ నీటి పొదుపు సాంకేతికత అయినా ప్రదర్శన క్షేత్రం దాటదు.

మారుటేరు నుంచి బంగ్లాదేశ్‌కు

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ‘స్వర్ణ’ (ఎంటీయూ 7029) ఒడిశా, పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ పల్లపు భూములలోనూ రైతుల అభిమాన రకమైంది. అయితే పైరు వారం పది రోజులు పూర్తిగా మునిగితే కుళ్లిపోయేది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఎ అనే రకానికి మాత్రం రెండు వారాల ముంపును తట్టుకునే శక్తి ఉంది. అందుకు కారణమైన సబ్–1ఎ జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించి 2006లో ప్రకటించారు. ముంపులో పైరు పైకి సాగడానికి శక్తిని వృథా చేయకుండా ఈ జన్యువు ఎదుగుదలను నిలిపివేస్తుంది. నీరు తీసిన తరువాత దాచుకున్న పిండిపదార్థంతో మొక్క తిరిగి చిగురిస్తుంది.

ఈ లక్షణాన్ని జన్యు గుర్తుల సాయంతో స్వర్ణలోకే ప్రవేశపెట్టి రూపొందించిన ‘స్వర్ణ–సబ్1’ 2009లో భారతదేశంలో విడుదలైంది. బంగ్లాదేశ్‌లో అది ‘బ్రి ధాన్ 51’ పేరుతో వచ్చింది. కొత్త రకాన్ని రైతుపై రుద్దక, అతడు ఇష్టపడిన రకంలోనే లోపాన్ని సరిదిద్దడం దీని ప్రత్యేకత. ఒడిశాలో ముంపు భూములు ఎక్కువగా షెడ్యూల్డ్ కులాల రైతుల చేతిలో ఉన్నందున ఈ విత్తనం వల్ల వారికే ఎక్కువ మేలు కలుగుతుందని పరిశీలనలు తెలిపాయి. ఏ లక్షణంపై పరిశోధన చేయాలో ఎంచుకోవడంలోనే ఎవరికి మేలు చేస్తున్నామన్న నిర్ణయం కూడా ఇమిడి ఉంటుంది.

తొందరపాటుకు మూల్యం: శ్రీలంక

మంచి ఉద్దేశం గల మార్పు సైతం సన్నాహం లేకుండా జరిగితే ఏమవుతుందో శ్రీలంక అనుభవం తెలుపుతుంది. 2021లో ఆ దేశం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. అవసరమైన సేంద్రియ ఎరువు సిద్ధంగా లేదు, రైతులకు శిక్షణ లేదు. అదే ఏడాది నవంబరులో నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నా అప్పటికే ఆలస్యమైంది. వరి దిగుబడి బాగా పడిపోయి బియ్యాన్ని దిగుమతి చేసుకోవలసి వచ్చింది. రసాయనాలను తగ్గించాలన్న లక్ష్యం చైనాలోనూ, శ్రీలంకలోనూ ఒకటే. పదేళ్లపాటు పొలం పొలానికీ వెళ్లి చేసిన పనిని ఒక్క ఉత్తర్వుతో సాధించబోవడమే తేడా.

గట్లు ఉండగానే పనులు కలపడం

కమతాలు చిన్నవి కావడం చేత వాటిని రైతుల నుంచి తీసుకొని కలపాలన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. వియత్నాం 2011 నుంచి మరొక దారి చూపింది. ‘పెద్ద పొలం’ నమూనాలో ఎవరి గట్టు వారిదే, ఎవరి హక్కు వారిదే. ఒక ఆయకట్టులోని రైతులందరూ ఒకే రకాన్ని ఒకేసారి విత్తి, నీటిని కలిసి నిర్వహించి, ధాన్యాన్ని ఒప్పందం ప్రకారం కలిసి అమ్ముతారు. విత్తే యంత్రం, కోత యంత్రం ఒకే వరుసలో పనిచేసుకుపోతాయి. ఇదే బాటలో ఆ దేశం 2030 నాటికి మెకాంగ్ డెల్టాలో పది లక్షల హెక్టార్లలో నాణ్యమైన, తక్కువ ఉద్గారాల వరి సాగుకు 2023లో ప్రణాళిక ఆమోదించింది. మన దేశంలోని రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఎరువుల అమ్మకానికే పరిమితం కాక నాట్ల తేదీ, నీటి వంతు, యంత్రాల అద్దె, ధాన్యం ఆరబోత వంటి పనులను కలపగలిగితే ఇటువంటి ఫలితాలు ఇక్కడా సాధ్యమే.

రేపటి దిశ

ఈ అనుభవాలన్నింటిలో ఉమ్మడిగా కనిపించే అంశాలు మూడు. ఒకటి, సిఫారసు స్థలానికి తగినదిగా ఉండాలి. జిల్లాకంతటికీ ఒకే ఎరువు మోతాదు చెప్పే కాలం ముగిసింది. రెండు, పరిశీలన, నిర్ణయం రైతు చేతిలో ఉండాలి. ఇక్కడ రైతు అంటే పట్టాదారు మాత్రమే కాదు, కౌలుదారు, పొలం పని చూస్తున్న స్త్రీ కూడా. మూడు, పొదుపు చేసిన నీటికి, ఎరువుకు, తగ్గించిన ఉద్గారాలకు తగిన ప్రతిఫలం ఆ పని చేసినవారికి అందాలి.

పరిశోధన కేంద్రాలు తమ ఫలితాలను హెక్టారుకు టన్నులలోనే కాక ఘనమీటరు నీటికి, కిలో నత్రజనికి, పనిదినానికి, పెట్టిన రూపాయికి ఎంత అన్న లెక్కలో కూడా ప్రకటించడం ప్రారంభిస్తే రకాల ఎంపికలోనూ, విస్తరణలోనూ ప్రాధాన్యాలు సహజంగానే మారుతాయి. ఐఆర్–8 తరం ముందున్న ప్రశ్న ఖండానికి తిండి దొరుకుతుందా అన్నది. దానికి ఆ తరం సమాధానం చెప్పింది. ఆ తిండిని పండించే కుటుంబం పొలంలోనే నిలుస్తుందా అన్నది ఈ తరం ముందున్న ప్రశ్న. నేలనూ, నీటినీ, మనిషినీ కలిపి లెక్కించినప్పుడే దానికి సరైన సమాధానం లభిస్తుంది.