పదమూడు పట్టదు, పద్నాలుగు జారుతుంది

తాడేపల్లిలో మా పెదనాన్నగారి రేకుల షెడ్డులో ఒక బుల్లెట్టు ఉంది. ఆర్‌సీ పుస్తకంలో మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం 1974. మిరప బస్తాలు లారీలో గుంటూరు యార్డుకు బయల్దేరితే, ఆయన దీనిమీద ముందే వెళ్లి కమీషన్ కొట్టు ముందు నిలబడేవారట. ఆయన పోయాక దానిమీద గోనెపట్టా కప్పారు. కృష్ణ ఒడ్డు తేమకు గోనెపట్టా కింద ఏం జరుగుతుందో ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

బాగుచేద్దామని కూర్చున్న మొదటి సాయంత్రమే ఒక నట్టు మూలలు అరగదీశాను. పదమూడు నంబరు పానా ఎక్కలేదు. పద్నాలుగు ఎక్కింది, బలం పెట్టగానే జారింది. తుప్పు పట్టిందేమో అనుకున్నాను. అసలు సంగతి కొలిస్తే తెలిసింది. ఆ నట్టు వెడల్పు 0.525 అంగుళం, అంటే 13.3 మిల్లీమీటర్లు. పద్నాలుగు పానాకూ దానికీ మధ్య 0.7 మిల్లీమీటరు సందు. నట్టు మూలలు గుండ్రంగా తిరిగిపోవడానికి అది చాలు.

ఇది బ్రిటిష్ విట్‌వర్త్ కొలత. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర పద్ధతి. విట్‌వర్త్ పానామీద 1/4 అని ఉంటే అది నట్టు వెడల్పు కాదు, లోపలి బోల్టు మందం. అదే కొత్తవాళ్లను తికమక పెడుతుంది. 3/16 పానా నోరు 11.3 మిల్లీమీటర్లు, 1/4ది 13.3, 5/16ది 15.2, 3/8ది 18.0. నాలుగింటిలో మన మెట్రిక్ పానా సరిగ్గా పట్టేది చివరిదానికే. ఇంట్లో పాత బుల్లెట్టు విప్పాలనుకునేవాళ్లు పెయింటు డబ్బా కొనక ముందు ఈ నాలుగు నోళ్ల పానాలు కొనుక్కోవాలి.

మద్రాసులో తయారైన బండికి ఇంగ్లండు కొలతలు ఎందుకంటే, బండి అక్కణ్నుంచే వచ్చింది కాబట్టి. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. తొలుత విడిభాగాలు ఓడలో దిగేవి, ఇక్కడ బిగించేవారు. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారయ్యాయి. మన దేశం మెట్రిక్ కొలతల చట్టం చేసుకున్నది 1956లో. పాలు లీటర్లలోకి, బట్ట మీటర్లలోకి మారాయి గానీ బుల్లెట్టు బోల్టులు చాలాకాలం అంగుళాల్లోనే ఉండిపోయాయి.

పానా తప్పయితే నట్టుతో పోతుంది. మర తప్పయితే ఇంజిన్ పెట్టెకే ముప్పు. ఈ బండిలో చాలాచోట్ల అంగుళానికి 26 చుట్ల మర ఉంటుంది. అంటే చుట్టుకు 0.977 మిల్లీమీటరు. మామూలు ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు చుట్టుకు 1 మిల్లీమీటరు. రెండూ ఎంత దగ్గరో చూడండి! పావంగుళం రంధ్రంలో ఆరు మిల్లీమీటర్ల బోల్టు పెడితే హాయిగా తిరుగుతూ లోపలికి వెళ్తుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. పావంగుళం అంటే 6.35. ఆ 0.35 తేడావల్ల మర అంచులు మాత్రమే పట్టుకుంటాయి. అల్యూమినియం పెట్టెలో అలా బిగించి ఇంకో అరచుట్టు నొక్కారంటే మర మొత్తం పొడిలా రాలి చేతిలోకి వస్తుంది. అందుకే విప్పిన ప్రతి బోల్టునూ అట్టముక్కకు గుచ్చి, ఎక్కడిదో పక్కన రాసి పెట్టుకోవాలి. డబ్బాలో కలిపి పోయకూడదు.

ఇక ఇంజిన్. ఏళ్ల తరబడి నిలబడ్డ ఇంజిన్ పట్టేసి ఉంటే కిక్కు రాడ్డుమీద ఎగరొద్దు. ప్లగ్గు విప్పి, డీజిలూ కాస్త ఇంజినాయిలూ కలిపి లోపల పోసి, నాలుగైదు రోజులు వదిలేయాలి. తర్వాత గేరులో వేసి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపితే రింగులు వదులుతాయి.

బుల్లెట్టు 350 అని పిలుస్తాం గానీ లెక్క 346. బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90. అడ్డకోత వైశాల్యం 38.48 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 9తో గుణిస్తే 346 సీసీ. ఈ 70, 90 అనే జంట కాస్ట్ ఐరన్ ఇంజిన్ పోయి కొత్త ఇంజిన్ వచ్చాక కూడా మారలేదు. 349 సీసీ జె సిరీస్ ఇంజిన్‌తోనే 72, 85.8 అయింది. పాత బండి వాడికి దీనివల్ల కలిగిన లాభం ఇంతా అంతా కాదు. యాభై ఏళ్ల బండికి పిస్టనూ రింగులూ ఇవాళ కూడా బెజవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతాయి. అదే కాలపు యెజ్దీ వాళ్లకు ఆ సుఖం లేదు. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక వాళ్లది వెతుకులాటే.

బోరును కంటితో చూసి బాగుంది, బాగోలేదు అనకూడదు. బోరుగేజి పెట్టి ఆరుచోట్ల కొలవాలి. పైన, మధ్య, కింద. ఒక్కోచోట ముందువెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పైభాగంలో 70.20, అడుగున 70.03 వచ్చాయనుకోండి. పైన ఎక్కువ అరగడం సహజం, మంటా రింగుల ఒత్తిడీ ఎక్కువ అక్కడే. కానీ 0.17 మిల్లీమీటరు సాలు పడిన బోరులో కొత్త రింగులు వేసి ప్రయోజనం లేదు. రింగు ప్రతిసారీ పైకి వెళ్లినప్పుడు విచ్చుకోవాలి, కిందికి వచ్చినప్పుడు ముడుచుకోవాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో పిస్టన్ సెకనుకు వందసార్లు ఆ దారంట నడుస్తుంది, సగటున సెకనుకు 9 మీటర్లు. రింగు ఆ వేగాన్ని అందుకోలేదు. బండి పొగ తాగుతుంది.

అలాంటప్పుడు రీబోరింగు. ఓవర్‌సైజు పిస్టన్ చేతిలోకి వచ్చాకే బోరు లేతుకివ్వాలి, ముందు కాదు. అర మిల్లీమీటరు పెంచితే ఇంజిన్ 351 సీసీ అవుతుంది, పూర్తి మిల్లీమీటరు పెంచితే 356. పది సీసీలు పెరిగాయని సంబరపడే కుర్రాళ్లున్నారు. నా లెక్కలో అది ఖర్చయిపోయిన ఇనుము. ఆ తర్వాత అరిగితే మిగిలేది స్లీవ్ వేయించడమే. కాబట్టి 0.25తో పోయేదానికి 0.50 చేయించకూడదు.

పిస్టన్ అల్యూమినియం, బ్యారెల్ పోత ఇనుము. వంద డిగ్రీల వేడికి 70 మిల్లీమీటర్ల అల్యూమినియం 0.16 మిల్లీమీటరు పెరుగుతుంది, అదే కొలత ఇనుము 0.08. పిస్టన్ తన ఇంటికన్నా రెండింతలు ఉబ్బుతుంది. ‘కాస్త టైటుగా చెయ్యి బాబాయ్, ఎక్కువ కాలం వస్తుంది’ అని లేతు మేస్త్రీకి చెప్పడం మనవాళ్ల అలవాటు. మే నెల మధ్యాహ్నం మంగళగిరి దాటకముందే ఆ బండి ఎందుకు పట్టేస్తుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. పిస్టన్ పెట్టెమీద తయారీదారు ముద్రించిన సందు ఎంతో చూసి, అంతే ఇవ్వమనాలి. రింగు కొసల మధ్య సందుకు పాత సూత్రం: బోరు ఒక్కో అంగుళానికి, అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు. 70 మిల్లీమీటర్లకు అది దాదాపు 0.28. రింగును ఒక్కదాన్నే బోరులోకి దించి, పిస్టన్‌తో చదునుగా నెట్టి, ఫీలర్ గేజి పెట్టి చూసుకోవచ్చు. ఇంట్లో చేసుకోగలిగిన పనే.

కనెక్టింగ్ రాడ్డును మాత్రం ఇంట్లో పరీక్షించడం వరకే. పక్కలకు కాస్త ఊగితే ఫరవాలేదు. నిలువుగా పైకీ కిందికీ ఏమాత్రం ఆడినా కింద ఉన్న ఫ్లోటింగ్ బుష్ అరిగినట్టే. క్రాంకు విప్పి, ప్రెస్సులో నొక్కి, మళ్లీ సెంటరు చూసి బిగించే పని ఆటోనగర్‌ది.

టాపెట్ల దగ్గర అంకె సున్నా, చాలామందికి నమ్మశక్యం కాని అంకె. మిగతా బండ్లకు గేజి పెట్టి సందు వదులుతారు. దీనికి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు, బ్యారెల్ కుడిపక్క చిన్న మూత తీసి, పుష్‌రాడ్డును వేళ్లతో తిప్పి చూడాలి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. బ్యారెల్ బాగా వేడెక్కుతుంది కానీ ఇనుము కాబట్టి తక్కువ సాగుతుంది. పుష్‌రాడ్డు అంత వేడెక్కదు కానీ అల్యూమినియం కాబట్టి ఎక్కువ సాగుతుంది. రెండూ దాదాపు సమానమవుతాయి, చప్పుడు లేకుండా నడుస్తుంది. ఆ ఇంజనీర్ల తెలివికి దణ్ణం పెట్టాలనిపించే చోటు ఇది.

కాంటాక్టు పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు. 3,000 చుట్ల వేగంలో ఆ చిన్న నోరు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది, గంటకు 90,000 సార్లు. అది అరగక ఏమవుతుంది? సందు తగ్గితే నిప్పురవ్వ ఆలస్యమవుతుంది, ఎక్కువైతే ముందే వస్తుంది. ముందే వచ్చినప్పుడు కిక్కు వెనక్కి తంతుంది. పాత బుల్లెట్టువాళ్ల పిక్కలమీద మచ్చలకు కారణం చాలామటుకు ఈ అర మిల్లీమీటరైనా లేని సందే.

లైటు గుడ్డిదీపంలా ఉందని ఆరు వోల్టుల వైరింగంతా పీకి పన్నెండుకు మార్చేవాళ్లున్నారు. ముందు ఒక లెక్క చూడండి. 35 వాట్ల బల్బుకు ఆరు వోల్టుల దగ్గర 5.8 ఆంపియర్లు కావాలి. పన్నెండయితే 2.9 చాలు. దారిలో ఎక్కడో తుప్పు పట్టిన ఎర్తు దగ్గర ఒక ఓంలో పదోవంతు అడ్డు ఉందనుకుందాం. ఆరు వోల్టుల బండిలో అక్కడే 0.58 వోల్టు పోతుంది, దాదాపు పదో వంతు. పన్నెండు వోల్టులదాంట్లో పోయేది నూటికి రెండున్నర మాత్రమే. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. ఆ ఎర్తు కింద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా గీరుగుడ్డతో రుద్దితే పోయిన వెలుగు తిరిగొస్తుంది. రూపాయి ఖర్చు లేదు. మా బండికి నేను చేసింది ఇదే, డైనమో జోలికి పోలేదు.

ట్యాంకు సంగతి జాగ్రత్తగా చదవండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు 1.4 నుంచి 7.6 పాళ్లు ఉంటే అంటుకుంటుంది, అడుగంటిన చుక్కలు సరిగ్గా ఆ పాళ్లే తయారుచేస్తాయి. అందుకని ట్యాంకును సబ్బునీళ్లతో పలుమార్లు కడగందే వెల్డింగుకు ఇవ్వకూడదు. లోపలి తుప్పుకు చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరు చాలు. ఛార్జరు నెగటివు ట్యాంకుకు, పాజిటివు నీళ్లలో వేలాడే పాత ఇనపకడ్డీకి. కడ్డీ ట్యాంకును తాకకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు వాడొద్దు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా.

శుభ్రమైన ట్యాంకులో పోసేది ఇప్పటి పెట్రోలు, అందులో ఐదో వంతు ఇథనాల్. మామూలు పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. కలిపినదానికి సుమారు 13.5. 1974 కార్బరేటర్‌కు ఈ సంగతి తెలియదు, పాత లెక్కలోనే కొలిచి పోస్తుంది. ఫలితంగా ఇంజిన్‌కు దాదాపు ఎనిమిది శాతం ఇంధనం తక్కువ పడి, హెడ్డు వేడెక్కుతుంది. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచితే సరిపోతుంది, మహా అయితే రెండు. ట్యాంకు కొళాయిలోని కార్కు, పాత రబ్బరు పైపు మార్చేయాలి. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, మనదేమో నది పక్క ఊరు.

కాగితాల దగ్గర రెండు దారులున్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్రవాహనాన్ని, ఒరిజినల్ రూపంలో పెద్ద మార్పుల్లేకుండా ఉంటే, వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని కేంద్రం 2021 జూలైలో నిబంధన తెచ్చింది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ఈ గౌరవానికి షరతు ఏమిటంటే ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ పరిమితం. రెండోది మామూలు ఆర్‌సీని ఐదేళ్లకోసారి పొడిగించుకోవడం. 2025 ఆగస్టు సవరణ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు రుసుము 2,000. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చదవగలిగేలా ఉండాలి. పెయింటు షాపువాడు గ్రైండరు పెట్టేముందు ఆ రెండుచోట్లా టేపు అంటించండి, రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోండి. నేను రెండో దారే ఎంచుకున్నాను. యార్డుకు వెళ్లని బుల్లెట్టు పెదనాన్నగారికి నచ్చేది కాదు.

బిగించడం అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకుండా నడపాలి, బండిమీద రెండోవాణ్ని ఎక్కించుకోకూడదు. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాలి. 500 దగ్గర ఆయిలు మార్చాలి. పాత ఆయిలును వెండిపళ్లెంలాంటి మెరిసే గిన్నెలో పోసి ఎండలో చూస్తే కొత్త రింగులు గీకిన పొడి తళుకుమంటుంది. సన్నటి తళుకయితే సరే. గోటికి తగిలే ముక్కలుంటే బండి మళ్లీ విప్పాలి.

ఇంటి నుంచి గుంటూరు యార్డుకు పోనూ రానూ సుమారు 60 కిలోమీటర్లు. ఎనిమిది ట్రిప్పులు అయ్యాయి. తొమ్మిదోదానికి ముందు అమ్మ దగ్గర పాత స్టీలు గిన్నె ఒకటి అడిగి తీసుకున్నాను.