పదకోశ నిర్మాణంలో ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తింపు: బిల్డ్ స్క్రిప్టు పరిధి, పరిమితి

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. నేడు దర్శి ప్రాంతపు పత్తి, మిరప సాగు పదాలతో అటువంటి కోశం కూర్చదలచినవారు ఆరోపాలను యూనికోడ్ పాఠంగా భద్రపరచి, బిల్డ్ స్క్రిప్టుతో పీడీఎఫ్‌గా రూపొందించుకోవచ్చు. అయితే పరిశోధకుని వద్ద విండోస్, పర్యవేక్షకుని వద్ద మ్యాక్, విశ్వవిద్యాలయంలో లినక్స్ ఉంటే ఒకే పాఠం మూడు రూపాలు పొందే ప్రమాదం ఉంది. అప్పుడు పుటసంఖ్యతో ఇచ్చిన ఉటంకింపులు నిలవవు.

యునిక్స్ సంప్రదాయపు ‘యూనేమ్’ ఆదేశం లినక్స్‌లో ‘లినక్స్’ అని, మ్యాక్‌లో ‘డార్విన్’ అని తెలుపుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఆదేశం సహజంగా లేదు. అక్కడ ‘ఓఎస్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ‘విండోస్_ఎన్‌టీ’ అనే విలువ ఉంటుంది. కనుక మేక్‌ఫైల్ మొదట ఈ విలువను పరిశీలించి, అది లేనప్పుడే యూనేమ్‌ను పిలవాలి. క్రమం తారుమారైతే విండోస్‌లో తొలి అడుగే తప్పుతుంది. పైథాన్‌లోని ‘ప్లాట్‌ఫామ్’ మాడ్యూల్‌ను ఆశ్రయిస్తే ఈ శ్రమ లేదు. విండోస్ మీదనే నడిచే డబ్ల్యూఎస్‌ఎల్‌లో మాత్రం యూనేమ్ ‘లినక్స్’ అనే చెబుతుంది. అది అసత్యమూ కాదు, పూర్తి సమాధానమూ కాదు.

అసలు పేరు తెలుసుకోవడం ఎందుకన్నది ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. విండోస్ అయితే గౌతమి, మ్యాక్ అయితే కోహినూర్ తెలుగు, లినక్స్ అయితే లోహిత్ అని స్క్రిప్టులో రాసుకోవడం పరిపాటి. ఈ పద్ధతి సమర్థనీయం కాదు. ఖతుల అక్షర వెడల్పులు వేరు కావడంతో పంక్తులు, వాటితోపాటు పుటలు జరుగుతాయి. పైగా లినక్స్ ఉన్నంత మాత్రాన లోహిత్ ఉండాలన్న నియమం లేదు. కావలసిన ఖతి ఉన్నదా అని నేరుగా అడగడం మేలు. లాటెక్‌లోని ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ అందుకు వీలిస్తుంది. స్వేచ్ఛా లైసెన్సు గల నోటో తెలుగు వంటి ఖతి ఫైలును పాఠంతోపాటే ఉంచితే ఆ ప్రశ్న కూడా అవసరం ఉండదు.

అకారాది క్రమం విషయంలో చిక్కు మరింత సూక్ష్మం. ‘సార్ట్’ ఆదేశం ఫలితం ఆ యంత్రంలోని లొకేల్‌ను బట్టి మారవచ్చు. కేవలం యూనికోడ్ సంఖ్యల వరుసను పాటిస్తే ‘ఱ’ వర్ణమాల చివర కాక ‘ర’ వెంటనే వస్తుంది. ఇక్కడ ఏ ఆపరేటింగ్ సిస్టమో తెలిసినా ప్రయోజనం స్వల్పం. కోశకర్త ఎంచుకొన్న వర్ణక్రమాన్ని ఒక పట్టికగా స్క్రిప్టులోనే పొందుపరచాలి.