పాతికవేల జీతం... అద్దెకు ఎంత మిగులుతుంది?

విశాఖపట్నంలో ఉద్యోగం దొరికిందని కబురు అందగానే మన ఇళ్లలో అల్లాహ్‌కు శుక్రియా చెప్పుకుంటారు. ఆ వెంటనే పెళ్లి మాటలు మొదలవుతాయి. అబ్బాయి జీతం పాతికవేలని అమ్మాయి తరఫువారికి చెబుతారు. ఇల్లు ఏ పేటలో, అద్దె ఎంత అని అడిగే పెద్దలు మాత్రం తక్కువ. తిండి, బట్టతోపాటు భార్యకు నివాసం ఏర్పాటు చేయడం కూడా షరియత్‌లో భర్త బాధ్యతే గనుక ఈ లెక్క నికాహ్‌కు ముందే తేలాలి.

పాత తరం లెక్క వేరు. రేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. వీటిలో పర్మనెంటు ఉద్యోగం దొరికినవారిలో చాలామంది క్వార్టర్లలో కాపురం చేశారు. ఉక్కునగరంలో ఉన్న ఇల్లాలికి ప్రతి నెలా ఇంటి యజమాని తలుపు తడతాడన్న బెంగ లేదు. అందుకే "మా రోజుల్లో మూడువేలతో నలుగురు పిల్లల్ని చదివించాం" అని ఇప్పటి కుర్రవాళ్లను దెప్పడం న్యాయం కాదని మేము అంటాం. వీరిలో ఎక్కువమంది కాంట్రాక్టరు కిందో, ప్రైవేటు కంపెనీలోనో చేరుతున్నారు. వీరికి క్వార్టరు లేదు.

ముందు కాగితం మీది పాతికవేలు చేతికి ఎంతగా వస్తుందో చూడాలి. చాలా కంపెనీలు తాము కట్టే ప్రావిడెంట్ ఫండు వాటాను కూడా జీతంలోనే కలిపి చూపిస్తాయి. మూల వేతనం 15,000 అనుకుంటే కంపెనీ వాటా 1,800, ఉద్యోగి వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికి వచ్చేది 21,200.

జీతంలో మూడో వంతు అద్దెకు పోవచ్చునని ఒక మాట ప్రచారంలో ఉంది. ఇలాంటి హద్దును అమెరికాలో సర్కారు కట్టించిన ఇళ్లలో ఉండే పేదల కోసం 1969లో చట్టంలో పెట్టారు. ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె తీసుకోరాదన్నారు. 1981లో దాన్ని 30కి పెంచారు. ఊళ్లో ఉన్న అమ్మీ అబ్బాలకు నెలనెలా డబ్బు పంపే మన కుర్రవాణ్ణి చూసి పెట్టిన హద్దు కాదది. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లోనే చూపించాడు. కనుక తిండి ఖర్చు తీసేశాకే అద్దె గురించి ఆలోచించాలి.

ఉదాహరణకు ఒక జంట లెక్క వేద్దాం. ఇంటికి పంపేది 5,000, ఇద్దరి తిండికి 7,000, గ్యాసు, కరెంటు, ఫోనుకు 1,500, రాకపోకలకు 1,200, మందులు, పండుగ బట్టలకు నెలకు 1,000 పక్కన పెట్టాలి. మిగిలేది 5,500. పాతికవేలలో మూడో వంతు అంటే ఎనిమిదివేల పైచిలుకు. ఆ మాట నమ్మి ఇల్లు తీసుకున్నవాడికి నెలకు దాదాపు 2,800, ఏడాదికి 33 వేల పైనే లోటు వస్తుంది.

ప్రభుత్వ లెక్కకూ బజారుకూ పొంతన తక్కువే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటద్దె భత్యం కోసం విశాఖను వై తరగతి నగరంగా పెట్టారు. 2024 జనవరి నుంచి మూల వేతనంలో 20 శాతం ఇస్తున్నారు. ఏడవ వేతన సంఘం పెట్టిన కనీస వేతనం 18,000 మీద అది 3,600. ఆ సొమ్ముకు మధురవాడలోనో, ఎం.వి.పి. కాలనీలోనో సంసారం పెట్టగలరా?

5,500 ఉన్నవాడు గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు చిన్న పోర్షను వెతుక్కోక తప్పదు. పని మధురవాడలో అయితే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి సిటీ బస్సుల్లో టికెట్టు లేదు, మగవాడికి మాత్రం తప్పదు. పైగా మనవాళ్లు మసీదు దగ్గర, నలుగురు మనవాళ్లున్న మొహల్లాలో ఇల్లు కోరుకుంటారు. మరోపక్క పేరు విన్న తర్వాత "ఖాళీ లేదు" అనే యజమానులూ ఉన్నారు. వెతికే పేటలు తగ్గితే అద్దె పెరుగుతుంది. ఇది మన తప్పు కాకపోయినా లెక్కలో వేసుకోవలసిందే.

అసలు ఇబ్బంది మొదటి నెలలో వస్తుంది. రెండు నెలల అడ్వాన్సు, ఆ నెల అద్దె కలిపి 16,500 జీతం అందకముందే కట్టాలి. చాలామంది వడ్డీ అప్పులో కాలు పెట్టేది ఇక్కడే. పెళ్లి విందులో ఒక వంటకం తగ్గించి ఆ సొమ్మును అబ్బాయి చేతికివ్వడం తల్లిదండ్రులకు పెద్ద పని కాదు. లేదంటే మామో, చిన్నాన్నో ఖర్జె హసనా ఇవ్వవచ్చు.

అగ్రిమెంటు మాత్రం కాగితం మీద ఉండాలి. బంధువుల ఇల్లయినా సరే. ఖుర్ఆన్‌లోని అన్నిటికంటే పెద్ద ఆయతు అప్పును రాసుకోవడం గురించేనని మన పిల్లలకు పాఠం చెబుతాం, ఇంటి దగ్గరకు వచ్చేసరికి మొహమాటపడతాం. ఏడాది తర్వాత ఎంత పెంచుతారు, నీళ్ల మోటారు కరెంటు ఎవరిది, అడ్వాన్సు ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు అన్నవి రాయించండి. అద్దె తేదీ కూడా అందులో ఉండాలి. 2024లో ఉక్కు కర్మాగారంలోనే జీతాలు విడతలుగా ఇచ్చిన నెలలున్నాయి. అద్దెకు విడతలుండవు. 5వ తేదీకి బదులు 10వ తేదీ రాయమని అడిగితే కాదనే యజమానులు తక్కువే.