చూడి పిల్లులకు బ్యాక్టీరియా వ్యాధులు: సొంత వైద్యం ప్రమాదకరం

హైదరాబాద్: జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో పెంపుడు పిల్లులతో పాటు ఇళ్లు, సినీ కార్యాలయాలు, బస్తీల నడుమ స్వేచ్ఛగా తిరిగే పిల్లులూ ఉన్నాయి. బయట తిరిగే పిల్లి చూడితో ఉన్న సంగతి పెంపకందారులకు ఆలస్యంగా తెలియవచ్చును. అందువలన వ్యాధి లక్షణాలను వెంటనే గుర్తించుట అవసరం.

పిల్లి చూడికాలం సుమారు 63 నుండి 65 రోజులు. ఈ కాలంలో ఈ.కోలై, స్ట్రెప్టోకోకస్, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా గర్భకోశానికి సోకినచో పిండాలు మరణించవచ్చును, చూడి ఈసుకుపోవచ్చును. జ్వరం, ఆహారం మానివేయుట, దుర్వాసనతో కూడిన స్రావం ముఖ్య లక్షణాలు. ఈనిన తరువాత మాయ లోపల నిలిచిపోయినా గర్భకోశానికి చీము పట్టి తల్లి ప్రాణానికే ముప్పు ఏర్పడుతుంది. వైరస్‌ల వలన కూడా చూడి పోవచ్చును గనుక పరీక్షల ద్వారానే కారణాన్ని నిర్ధారించాలి.

జ్వరానికి మనుషులు వాడే పారాసిటమాల్ పిల్లులకు ప్రాణాంతకం. టెట్రాసైక్లిన్ వర్గపు మందులు పుట్టబోయే కూనల ఎముకలను, దంతాలను దెబ్బతీయగలవు. కావున పశువైద్యుని సలహా లేనిదే ఏ మందూ ఇవ్వరాదు.

క్యూ జ్వర కారక బ్యాక్టీరియా ఈనిన పిల్లుల మాయ, స్రావాల ద్వారా మనుషులకు సోకగలదు. వాటిని చేతి తొడుగులు, మాస్కు ధరించి శుభ్రపరచాలి. గర్భిణులు దూరంగా ఉండాలి. సంతానం అవసరం లేని పిల్లులకు గర్భకోశం, అండాశయాలు తొలగించే శస్త్రచికిత్స చేయించినచో ఈ ముప్పు చాలా వరకు తప్పుతుంది.